తాటిమొద్దు మీద గాట్లు

ఉప్పుదిన్నె పంచాయతీ ఆఫీసు వరండాలో ఒక పాత తాటిమొద్దు నిలబెట్టి ఉంది. దాని పక్కన పెట్టే పలక కోసం హజరత్తయ్యను గురించి నాలుగు వాక్యాలు రాసివ్వమని మొన్న ప్రెసిడెంటు గారు మా ఇంటికి వచ్చారు. "ఆయనతో కలిసి పనిచేసిన వాళ్లలో మిగిలింది మీరే గదండీ" అన్నారు. చావకుండా మిగలడం కూడా ఒక అర్హతే మరి! సరేనని కూర్చున్నాను. నాలుగు వాక్యాల్లో తేలే పని కాదని కూర్చున్నాక తెలిసింది. పైగా పొగడ్త నాకు చేతకాదు. ముందే చెప్పేస్తున్నాను, ఆ మనిషిని చూసి నేను ఏడ్చినంతగా ఈ జిల్లాలో ఎవరూ ఎవరినీ చూసి ఏడ్చి ఉండరు.

నా పేరు జయరామయ్య. 1957లో ఈ ఊరి పంచాయతీకి ఓవర్సీరుగా వచ్చాను. మద్రాసులో మూడేళ్లు చదివి డిప్లొమా తెచ్చుకున్నవాణ్ణి. నేల వాలు కొలిచే డంపీ లెవెల్ అనే యంత్రాన్ని ఈ చుట్టుపక్కల నేను తప్ప ముట్టుకున్న వాడు లేడు. మూడుకాళ్ల పీట మీద దాన్ని నిలబెట్టి, ఒక కన్ను మూసి, అద్దంలోంచి చూస్తుంటే పేటవీధి ఆడవాళ్లు బిందెలు దించి మరీ నిలబడేవాళ్లు. ఆ గౌరవం సరిగ్గా ఏడాది నిలిచింది.

ఉప్పుదిన్నె పల్లపు ఊరు. అటు విడవలూరు పొలాలు, ఇటు అరమైలు దూరంలో సముద్రం. వాన పడితే నీళ్లకు దారి తెలియక ఇళ్లలోకి వచ్చేవి. అందుకని పేటవీధి పొడుగునా కాలువ గీశాను, రాతికట్టుతో కట్టించాను. మొదటి వానకే నీళ్లన్నీ వచ్చి మా ఇంటి ముందే నిలబడ్డాయి. ఊరంతటికీ కాలువ వేసిన ఓవర్సీరు ఇంటి ముందు మోకాలి లోతు మడుగు! నా లెక్కలో తప్పు లేదు, ఇప్పటికీ చూపిస్తాను, కాగితాలు ఉన్నాయి. తప్పంతా మట్టిది.

మూడోరోజు పొద్దున హజరత్తయ్య వచ్చాడు. పంచాయతీలో దినకూలీ మేస్త్రీ. నాకన్నా పదేళ్లు పెద్ద. వాళ్లమ్మకు బిడ్డలు దక్కకపోతే దర్గాలో మొక్కుకుని కన్నదట, అందుకే ఆ పేరు. చిన్నప్పుడు విడవలూరు పక్క వాళ్ల ఊళ్లో చెరువు నీళ్లు పొలాలకు పంచి పారించే పని. ఆ తర్వాత నెల్లూరులో ఒక మిషన్ దొరసాని తోటకు ఆరేళ్లు నీళ్లు కట్టాడు. పెళ్లాంది ఈ ఊరే కాబట్టి చివరికి ఇక్కడ తేలాడు. కాళ్లకు చెప్పులుండవు. ఉన్నా చంకలో పెట్టుకునే రకం, అరికాలికి తడి తెలియాలట.

ఒక కుండలో నీళ్లు, నీళ్లలో గుప్పెడు వరిపొట్టు. కుండకు అడుగున చిన్న చిల్లు. వీధి మొదట్లోంచి పోసుకుంటూ నడిచాడు. పొట్టు ఎటు పోతే అటు చూశాడు, ఎక్కడ ఆగితే అక్కడ మేకు కొట్టాడు. మధ్యలో ఇంటింటి దగ్గరా ఆగి "అమ్మా, మీ అంట్లు తోమిన నీళ్లు యాడ నిలబడతాయి?" అని అడిగాడు. ఆడవాళ్లను అడిగి కాలువ తవ్వడం ఏ పుస్తకంలో ఉందో చెప్పండి!

"సార్, ఇది పోసిన మట్టి" అన్నాడు నాతో. "రెండు వానలు తాగితే గానీ కుదురుకోదు. మీరు కొలిచినప్పుడు ఉన్న నేల ఇప్పుడు లేదు. అంతేగానీ మీ యంత్రం మంచిదే."

మీ యంత్రం మంచిదే! నా యంత్రానికి కుండవాడి యోగ్యతాపత్రం! రెండు చోట్ల రాళ్లు లేపి మళ్లీ కూర్చోబెట్టాడు. సాయంత్రానికి మడుగు పోయింది. ఆ రోజు నుంచి పేటవీధిలో ఏ గోడ చెమ్మగిల్లినా, ఏ బావి ఉప్పెక్కినా, "హజరత్తయ్యను పిలవండి" అనేవాళ్లు. నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నా సరే, నా మొహం చూసి "హజరత్తయ్య ఉండాడా సార్?" అని అడిగేవాళ్లు. కడుపు మండేది. మా ఆవిడ వెంకటశేషమ్మ కూడా, కట్టుకున్న పెళ్లాం కూడా, పెరట్లో నీళ్లు నిలిస్తే నాకు చెప్పకుండా అతనికే కబురు పెట్టేది.

ఇప్పుడు ఈ మొద్దు సంగతి. ఊరి కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవలు కట్టుకోవడానికి చేపలు పట్టే పట్టపు వాళ్లు ఒక తాటిమొద్దు పాతారు, ఇప్పుడు వరండాలో ఉన్నది అదే. హజరత్తయ్య 1952 నుంచీ ప్రతి నెలా పెద్ద పోటు చూసి, నీళ్లు ఎంతవరకు ఎక్కితే అంతవరకు ఆ మొద్దు మీద కత్తితో గాటు పెట్టేవాడు. ఏడాదికి ఒక నిలువు వరుస. వరుస నిండితే మొద్దు చుట్టూ పక్కకు జరిగేవాడు. కార్తీకమాసం గాటు మాత్రం ఏటవాలుగా కొట్టేవాడు, అది అన్నిటికన్నా పైన ఉండేది. ఎవరు చెప్పారు అతనికి ఈ పని? ఎవరూ చెప్పలేదు. పంచాయతీ కూలీ కట్టిందా? లేదు. అడిగితే "చెరువుకు నీళ్లు పొర్లే కళింగు దగ్గర రాయి ఉంటాది గదా సార్, నీళ్లు ఎంత వచ్చినాయో చూసేదానికి. సముద్రానికి ఆ రాయి లేదు. అందుకని" అన్నాడు.

1963లో హైదరాబాదు మీదుగా ఒక కాగితం వచ్చింది. హాలండు దేశంలో సముద్రం కన్నా పల్లంలో ఒక ఊరు ఉంది. ఆ ఊరివాళ్లు నాలుగు దేశాల్లో నాలుగు సముద్రపు ఊళ్లతో పొత్తు పెట్టుకోదలిచారు. మీరు కాలువలు ఎలా కడతారు, చెత్త ఎక్కడ పోస్తారు, సంత ఎక్కడ పెడతారు, ఇళ్లు ఎలా వరుస చేస్తారు, మాకు చెప్పండి. మేం చేసేది మీకు చెబుతాం. మా మనిషి వచ్చి మీ ఊళ్లో నెల ఉంటాడు. తర్వాత మీ మనిషి ఒకరు మా ఊరు వచ్చి ఆరు నెలలు ఉండాలి. ఎన్నుకునేది మా మనిషే.

ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు సంజీవరావు గారు ఈ కాగితం చదువుతుండగానే నాకు విమానం కనపడింది. ఇంకెవరికి వస్తుంది ఆ సీటు? ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేను, చదువుకున్నవాణ్ణి నేను. మరుసటి ఆదివారమే కావలి పోయి ఉన్నిగుడ్డ తీసి కోటుకు కొలతలిచ్చి వచ్చాను. వెంకటశేషమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాది మీ యవ్వారం. దొర ఇంకా పడవే ఎక్కలేదు, అప్పుడే కోటా?"

"విమానం" అన్నాను నేను. "పడవ కాదు."

1964 జనవరిలో దొర వచ్చాడు. అతని పేరు ఎవరికీ నోరు తిరగలేదు. మొదటి ముక్క 'వాన్' అన్నట్టు వినపడింది కాబట్టి ఊరు వానదొర అని స్థిరం చేసింది. నేను ఆ ఎండలో కోటు తొడుక్కునే స్వాగతం చెప్పాను. చెమట వెన్ను మీదుగా కారి పంట్లాంలోకి దిగుతోంది. నా పటాలన్నీ పరిచి చూపించాను. దొర మర్యాదగా తలాడించాడు. "ఇలాంటివి మా దగ్గర చాలా ఉన్నాయి, చక్కగా గీశారు" అన్నాడు. ఆ 'చాలా ఉన్నాయి' నాకు గుచ్చుకుంది.

రెండోరోజు సంతవీధిలో నడుస్తుంటే హజరత్తయ్య కుండతో ఎదురయ్యాడు. దొర ఆగిపోయాడు. వీధి మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని పొట్టు కదలడం చూశాడు. తర్వాత అతని వెనకే మేకుమేకుకీ నడిచాడు, మర్నాడూ, ఆ మర్నాడూ. నెలలో ఇరవై రోజులు వానదొర హజరత్తయ్య వెనక. నేను వాళ్లిద్దరి మధ్యన దుబాసీని. డిప్లొమా చదివి కుండ మాటలకు ఇంగ్లీషు చెప్పే బతుకు! నా కళ్లముందే నా సీటు చెప్పుల్లేని కాళ్లతో నడిచిపోతోంది.

మొదట చిన్న మార్పులే చేశాను. హజరత్తయ్య "నేను చూసినాను" అంటే, నేను ఇంగ్లీషులో "మా ఆఫీసు గమనించింది" అన్నాను. హజరత్తయ్య "ఆడోళ్లను అడగాల" అంటే, "ఇంటింటి విచారణ అనేది నేను పెట్టిన పద్ధతి" అన్నాను. పొట్టు ఎవరి ఆలోచన అని దొర అడిగితే, హజరత్తయ్య మొహం చూస్తూనే, నా గుండె మీద చెయ్యి పెట్టుకుని "నాదే, అతను నేను చెప్పినట్టు చేస్తాడు" అన్నాను. దొర నన్ను చూసిన చూపు మారింది. పుస్తకంలో నా పేరు రాసుకున్నాడు. హజరత్తయ్య పక్కనే నిలబడి మేమిద్దరం మాట్లాడుకుంటుంటే నవ్వుతూ వింటున్నాడు. ఏం తెలుసు పాపం అనుకున్నాను. కొంచెం సిగ్గు వేసింది, కాదనను. అయినా నాలుక ఆగలేదు.

దొర వెళ్లడానికి వారం ముందు ముగ్గురం మొగ దగ్గరికి పోయాం. ఊరి కాలువను వెడల్పు చేసి, సముద్రం దగ్గర పైకప్పు వేసిన మోరీతో ముగించాలని మా ప్లాను. దాని మీద దొర సంతకం పెట్టాలి. పుష్యమాసం, సముద్రం పాలగిన్నెలా ఉంది. దొర సూటిగా అడిగాడు.

"ఇక్కడ నీళ్లు ఎంత ఎత్తుకు లేస్తాయి? కాలువలోకి వెనక్కి వస్తాయా?"

నేను తెలుగులో అడిగాను. హజరత్తయ్య మొహం వెలిగింది. ఇన్నేళ్లకు ఆ ప్రశ్న అడిగిన మనిషి దొరికాడు మరి. మొద్దు దగ్గరికి పరుగెత్తి, చేత్తో నిమిరి, వరుసలు చూపించాడు.

"పన్నెండేళ్లవి ఉండాయి సార్, దొరకు జెప్పండి. మామూలు పోటు ఈడికి. కార్తీక పున్నమికి ఈశాన్యం గాలి తోడైతే ఇదుగో, ఈడికి. మోరీకి తలుపు పెట్టాల. లేదంటే సముద్రానికి పంపిన నీళ్లు సముద్రాన్ని వెంటబెట్టుకుని ఇంటికొస్తాయి. పేటవీధి మునుగుతాది."

దొర నా వైపు తిరిగాడు. "ఏమంటున్నాడు? ఈ గాట్లు ఏమిటి?"

పొట్టును దొంగిలించగలిగాను గానీ మొద్దును ఎలా దొంగిలించను? నూట నలభై నాలుగు గాట్లు. ఒక్కొక్కటీ ఎప్పటిదని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. దొరకు ఇవి ఏమిటో తెలిస్తే ఆ క్షణమే నా సీటు పోయినట్టు. నోరు మాత్రం తడుముకోలేదు.

"అవి మొక్కు గాట్లు" అన్నాను. "ఇతని పేరే ఒక మొక్కు. నెలకొకసారి గాడ్‌కు దండం పెట్టుకుని ఒక గాటు పెడతాడు. నీళ్ల సంగతి అంటారా, మొగకు ఇసుకమేట అడ్డం ఉంది. ఇక్కడి సముద్రం వెనక్కి రాదు."

దొర మొహంలో ఉత్సాహం తగ్గిపోయింది. "అయితే తలుపు అక్కర్లేదు" అన్నాడు, ప్లాను మీద సంతకం పెట్టాడు. హజరత్తయ్య నన్ను చూశాడు. ఒక్క క్షణమే. ఆ తర్వాత కాళ్లు కడుక్కోవడానికి నీళ్లలోకి దిగాడు. తలుపును నేనే ప్లానులో తర్వాత చేరుద్దామనుకున్నాను, ఒట్టు. కానీ చేరిస్తే ఎందుకని దొర అడుగుతాడు. అడిగితే మొద్దు కథ బయటపడుతుంది. కుడితిలో పడ్డ ఎలుకలా ఎటూ కదలలేక ఊరుకున్నాను.

సీటు నాకే వచ్చింది. "మొదట మేస్త్రీని తీసుకువెళదామనుకున్నాను" అని దొర సంజీవరావు గారితో చెప్పాడట. "కానీ అతనికి దారి చూపేది ఈ ఓవర్సీరే అని తెలిసింది." ఆ మాట విని రాత్రి అన్నం కూడా ఎక్కువ తిన్నాను. సెప్టెంబరులో బయల్దేరేటప్పుడు కావలి స్టేషనుకు వచ్చినవాళ్లలో హజరత్తయ్య కూడా ఉన్నాడు. అప్పటికి మోరీ కట్టడం అయిపోయింది, తలుపు లేకుండా.

"పోయి రాండి సార్" అన్నాడు. "ఆడ వాళ్లు నీళ్లకు వాలు ఎట్ట పెడతారో బాగా చూడండి. వచ్చినాక నాకు జెప్పాల."

హాలండులో చలి సంగతి చెప్పను. కావలి దర్జీ ఉన్నికోటు ఆ గాలికి జల్లెడలా పనిచేసిందని మాత్రం చెబుతాను. రెండో వారంలో వానదొర నన్ను వాళ్ల ఊరి కాలువ మొగ దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ మోరీకి చెక్క తలుపు వేలాడుతోంది. పైన ఇరుసు, కింద వదులు. లోపలి నీళ్లు తోస్తే తెరుచుకుంటుంది, సముద్రం తోస్తే మూసుకుంటుంది. మనిషి చెయ్యి అక్కర్లేదు. పక్కన గోడకు ఒక పలక, పలక మీద గీతలు. గీతల కాపలాకు ఒక ముసలాయన, చెక్క జోళ్లు, మోకాళ్ల దాకా బురద. వాళ్ల తాతల కాలం నుంచీ ఆ గీతలు గీసేది ఆ కుటుంబమేనట.

"మీ నాలుగు ఊళ్ల నుంచీ మేం కోరుకున్నది ఇలాంటి గీతలే" అన్నాడు దొర. "మూడు ఊళ్లు ఇచ్చాయి. మీ ఊళ్లో లేవు కదా, ఏం చేస్తాం! అలాంటి మనిషి ఒకడు ఉండి ఉంటే, నేర్చుకోవడానికి కాదు, మాకు నేర్పడానికి పిలిచేవాళ్లం. మా సభలో ఈ ముసలాయన పక్కన కుర్చీ వేసేవాళ్లం."

ఆ వేయని కుర్చీని చూసి కూడా నాకు మండింది. అయిదువేల మైళ్లు వచ్చినా ఆ చెప్పుల్లేని మనిషి నాకన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. ముసలాయన నాకు చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి అచ్చం హజరత్తయ్య చెయ్యిలాగే గరుగ్గా ఉంది.

ఆశ్వయుజం వెళ్లి కార్తీకం దగ్గర పడింది. రోజూ ఆకాశంలో చంద్రుడు పెరుగుతుంటే నాకు అన్నం సహించడం మానేసింది. పేటవీధిలో మా ఇల్లుంది. ఇంట్లో వెంకటశేషమ్మ ఉంది, లేవలేని మా అమ్మ ఉంది. తలుపు లేని మోరీ ఉంది. సంజీవరావు గారికి ఉత్తరం రాశాను. ఏమని రాశానో విన్నారా? "ఇక్కడి నిపుణుల వద్ద నేను కొత్తగా నేర్చుకున్న దాని ప్రకారం, మన మోరీకి వెంటనే పైనుంచి వేలాడే చెక్క తలుపు పెట్టించగలరు" అని. చూడండి నా తెలివి! హజరత్తయ్య మాటే హాలండు బిళ్ల వేసుకుని తిరిగి ఉప్పుదిన్నెకు పోతోంది. ఉత్తరం చేరడానికి ఎన్నాళ్లు పట్టిందో, ఆ తర్వాత ఏమైందో నాకు ఒక్క కబురూ రాలేదు. "అందరూ క్షేమం" అని మా ఆవిడ ఒక కార్డు రాయించింది, అంతే.

1965 మార్చిలో ఇల్లు చేరాను. గోడలు చూశాను, ఎక్కడా నీటి మరక లేదు. అమ్మ మంచం మీదే ఉంది. కాళ్లు కడుక్కునే లోపే అడిగాను, కార్తీకంలో ఏం జరిగిందని.

"ఏం జరగలా" అంది వెంకటశేషమ్మ. "పున్నమికి నాలుగు దినాలు విడవకుండా ముసురు, పిచ్చి గాలి. సముద్రం మొగలోకి ఎక్కిందంట. మాకేం తెలీదు. హజరత్తయ్య ముందుగానే మోరీకి తలుపు బిగించినాడంట. తర్వాత పది దినాలకు మీ జాబు వచ్చింది. ఆఫీసరు గారు హజరత్తయ్యను పిలిచి, హాలండు నుంచి సలహా వచ్చింది, మోరీకి తలుపు పెట్టాలంట అని చదివి వినిపించినారు. 'పెట్టి చానా దినాలయింది సార్' అన్నాడంట ఆయన. అయినా ఆఫీసరు గారు మీటింగులో ఏమన్నారో తెలుసా? ఇదంతా హాలండు స్నేహం పుణ్యం అన్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!"

ఇల్లు నిలిచింది, అమ్మ బతికింది. సంతోషించాలా వద్దా? నాకు మళ్లీ మండింది. నా ఉత్తరం కన్నా ముందే పెట్టేశాడా! నా మీద ఆధారపడకుండా!

చెప్పులేసుకుని మొగ దగ్గరికి నడిచాను. మోరీకి తలుపు ఉంది. అడ్డంగా, పైనుంచి రెండు గొలుసులతో వేలాడుతోంది. లోపలి నీళ్లు తోస్తే తెరుచుకుంటోంది. హాలండులో చూసిన తలుపే, అదే ఏర్పాటు. దీన్ని చూడ్డానికి నేను విమానం ఎక్కి పోయాను. ఇతను ఎక్కడ చూశాడు? ఇంకా దగ్గరికి పోయాను. చెక్క ఒక అంచున పసుపు, దాని మీద వరసగా కుంకుమ బొట్ల మరకలు. నీళ్లకు నాని నాని పాలిపోయి ఉన్నాయి. గొళ్లెం కూడా అలాగే ఉంది. అది ఇంటి తలుపు. వచ్చేటప్పుడు దారిలో హజరత్తయ్య గుడిసె గుమ్మానికి తాటాకు తడిక కట్టి ఉండటం చూశాను. ఎందుకా అనుకుని దాటేసి వచ్చాను.

హజరత్తయ్య మొద్దు దగ్గర ఉన్నాడు. నన్ను చూసి నడుముకు చుట్టుకున్న తుండు విప్పి భుజాన వేసుకున్నాడు.

"వచ్చినారా సార్! ఎట్ట ఉండాది వాళ్ల ఊరు? వాళ్లకూ మొద్దు ఉండాదా?"

"ఉంది" అన్నాను. "మొద్దు కాదు, పలక. దానికి ఒక ముసలాయన ఉన్నాడు, నీలాగే."

"అట్టనా! అదీ మాట! చూసినావా, ఆడ కూడా ఒకడుండాడు" అని మొద్దుతో అన్నట్టుగా అని నవ్వాడు.

ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను.

"హజరత్తన్నా" అన్నాను. అన్నా అని పిలవడం అదే మొదటిసారి. "ఆ రోజు నువ్వు చెప్పింది నేను దొరకు చెప్పలేదు."

"తెలుసు సార్."

"ఏం తెలుసు?"

"నేను పోటు ఎంత ఎత్తు వస్తాదో జెప్తే మీరు 'గాడ్' అన్నారు. సముద్రానికి ఆ మాట గాదు గదా. మిషన్ దొరసాని దగ్గర ఆరేళ్లు నీళ్లు కట్టినాను, దినానికి నూరుసార్లు అనేది ఆ మాట. అంతకుముందు కూడా నేను నా గుండె మీద చెయ్యి పెట్టుకుని నేను అంటే, మీరు మీ గుండె మీద చెయ్యి పెట్టుకుని జెప్పినారు. అది అర్థం గావడానికి ఇంగిలీసు ఎందుకు సార్?"

"మరి అప్పుడే అడగొచ్చు కదా! దొర ముందే కడిగేయొచ్చు కదా నన్ను!"

హజరత్తయ్య మొద్దు మీది నాచును బొటనవేలితో గీకాడు.

"అప్పటికే కోటు కుట్టించుకుని ఉండారు గదా సార్" అన్నాడు. "ఆ ఎండలో తొడుక్కుని నిలబడినారు. నాకు అయ్యో అనిపించింది. దొర నెలుండి పోతాడు. మీరూ నేనూ ఈ ఊళ్లోనే గదా బతకాల."

జాలి! నేను ఏడేళ్లుగా ఎవరిని చూసి కుళ్లి చచ్చానో, ఆ మనిషి నన్ను చూసి జాలిపడ్డాడు. తిట్టినా బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది. ఇంటికి పోయి వానదొరకు ఉత్తరం రాశాను. పొట్టు ఎవరిదో, మొద్దు ఏమిటో, నేను ఏం చేశానో, మొత్తం రాశాను. నా ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. దగ్గరుండి రిజిస్టరు చేయించి మరీ వచ్చాను.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు, నా పేరే లేదు అందులో. ఉత్తరం హజరత్తయ్య పేరు మీద ఉంది. వచ్చే ఏడాది వచ్చి ఆరు నెలలు తమ ఊళ్లో ఉండి, పోటు గాట్ల సంగతీ వరిపొట్టు సంగతీ తమ వాళ్లకు చెప్పమని పిలుపు. హజరత్తయ్య ఆ కాగితం తెచ్చి నా చేతికే ఇచ్చాడు.

"చదవండి సార్."

ఒక్కొక్క మాటా ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పాను. కుర్చీ వేస్తారన్న మాట కూడా వదల్లేదు.

"పోతాను" అన్నాడు. "కార్తీకానికి మాత్రం వచ్చేయాల. చలంట గదా ఆడ. సార్, మీ కోటు ఇస్తారా?"

1966 ఏప్రిల్‌లో కావలి స్టేషనులో నా కోటు తొడుక్కుని, కొత్త చెప్పులు చంకలో పెట్టుకుని రైలెక్కాడు. కావలి దర్జీ ఎవరి కొలతలు తీసుకున్నాడో గానీ, ఆ కోటు నాకన్నా అతనికే బాగా కుదిరింది. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ ఉంది. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి ఒక చిన్న కత్తి నా చేతిలో పెట్టాడు. "నెలనెలా పెద్ద పోటుకు మరిచిపోకండి సార్" అన్నాడు.

ఆరు నెలలూ మరిచిపోలేదు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఒక చేత్తో మొద్దును పట్టుకుని గాటు పెట్టాలి. ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అల తోస్తుంది, చెయ్యి జారుతుంది. తిరిగొచ్చాక హజరత్తయ్య మొద్దు చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో తడిమి చూశాడు. "కొంచెం వంకర పోయినాయి సార్, పర్లేదు, ఎత్తు సరిగ్గానే ఉండాది" అన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ప్రెసిడెంటు గారూ, పలక మీద నాలుగు వాక్యాలు మీరే ఎవరి చేతనైనా రాయించుకోండి. మొద్దు చూడ్డానికి వచ్చేవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పండి. పదిహేనో వరుసలో ఆరు గాట్లు వంకరగా ఉంటాయి. అవి నావి.